రూట్ నిండితే గోడ జరపాలా, సామాను జరపాలా?

ఉబుంటు లినక్స్ పెట్టుకున్నప్పుడు డిస్క్‌ను విడి భాగాలు చేసి, సిస్టమ్, ప్రోగ్రాములు ఉండే రూట్‌కు 25 జీబీ, దాని పక్కనే నా ఫైళ్లు ఉండే హోమ్‌కు 200 జీబీ ఇచ్చాను. ఏడాది తిరగకుండానే రూట్ నిండిపోయింది.

డిస్క్ భాగాల సైజు మార్చే జీపార్టెడ్‌తో హోమ్‌ను కుదించి రూట్‌ను పెంచడం ఒక దారి. మౌంట్ అయి, అంటే సిస్టమ్ వాడుకలో ఉన్న ఈఎక్స్‌టీ4 (ఉబుంటు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) కుదించడానికి లొంగదు, కాబట్టి లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటుతో) బూట్ చేయాలి. హోమ్ మొదలు కుడివైపు జరగాలంటే లోపలి డేటా కూడా కదలాలి, గంటలు పట్టవచ్చు. మధ్యలో కరెంటు పోయిందా, ఇక బ్యాకప్పే దిక్కు.

రెండోది, బరువైన ఫోల్డర్‌ను హోమ్‌లోకి తరలించి పాత చోటికి బైండ్ మౌంట్ చేయడం, అంటే అది పాత చోటే ఉన్నట్టు కనిపించేలా చేయడం. నా దగ్గర యాప్‌లు పెట్టుకునే ఫ్లాట్‌ప్యాక్ ఫోల్డర్ ఒక్కటే 9 జీబీ మింగింది. బైండ్ మౌంట్‌కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్‌లో) ఒక వరుస చాలు. అందులో తప్పు దొర్లితే బూట్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగవచ్చు, అందుకే రీస్టార్ట్‌కు ముందే ‘మౌంట్ -ఏ’ (ఆ ఫైల్‌లో రాసినవి మౌంట్ చేసే ఆదేశం) కొట్టి చూడాలి. నేను దీన్నే ఎంచుకున్నాను.