హంగేరియన్ బహువచనాలకు ఇంగ్లిష్ విక్షనరీ: రూపాలకు భేష్, వాడుకకు చాలదు

హంగేరియన్‌లో నామవాచకానికి బహువచన ప్రత్యయం ఒక్కటే: క్. అచ్చుతో ముగిసే మాటకు నేరుగా అంటుకుంటుంది. చివరి అ, ఎ మాత్రం దీర్ఘమవుతాయి: అల్మ (ఆపిల్), అల్మాక్. చిక్కంతా హల్లుతో ముగిసే మాటలతోనే. నడుమ ఒక అచ్చు చేరాలి. హాజ్ (ఇల్లు) హాజక్ అయితే, అచ్చం దానిలాగే ఉన్న గాజ్ (గ్యాస్) గాజొక్ అవుతుంది. స్వరసామ్యం (ప్రత్యయంలోని అచ్చు మాటలోని అచ్చులకు పొసగాలన్న నియమం) వల్ల ఇక్కడ ఎ రాదని తెలుస్తుంది కానీ, అ వస్తుందా ఒ వస్తుందా అన్నది మాటమాటకీ నేర్చుకోవాల్సిందే. ఉచితంగా దొరికేవాటిలో ఈ పనికి నా ఓటు వికీపీడియా తరహా ఆన్‌లైన్ నిఘంటువైన ఇంగ్లిష్ విక్షనరీకే.

మాట పక్కనే బహువచనం కనిపిస్తుంది. కింద మడిచి ఉన్న పట్టిక తెరిస్తే విభక్తి రూపాలన్నీ రెండు వచనాల్లోనూ ఉంటాయి. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, ప్రథమ, ద్వితీయ చూస్తే చాలు. బహువచన క్ తర్వాత ద్వితీయకు ముందు వచ్చే అచ్చు అ గానీ ఎ గానీ అయి తీరాలి. అస్తల్ (బల్ల) అస్తలొక్, ఆపైన అస్తలొకత్. కొత్తవాళ్లు ముందున్న ఒ చూసి అస్తలొకొత్ అనేస్తారు.

అసలు లాభం తిరగేసి వెతకడంలో ఉంది. మన ఇల్లు ఇళ్లయినట్టు అక్కడా కొన్ని మాటల మూలరూపమే మారుతుంది: లో (గుర్రం) లొవక్, బొకొర్ (పొద) బొక్రొక్, కేజ్ (చెయ్యి) కెజెక్. చదువుతుంటే లొవక్ తగిలిందనుకోండి, హంగేరియన్‌లో ఉన్నట్టే lovak అని టైప్ చేస్తే అది లో బహువచనమని చూపిస్తుంది. అక్షరాల మీది దీర్ఘాల గుర్తులు (á, é లాంటివి) వదిలేస్తే వేరే మాట పేజీకి పోతారు. ఒకే పేజీలో బోలెడు భాషలుంటాయి కాబట్టి విషయసూచికలో హంగేరియన్ నొక్కి నేరుగా అక్కడికి దిగడం మేలు.

మొదటి పట్టిక చూసి ఆగిపోతే దెబ్బతింటారు. న్యార్ అంటే వేసవి, బహువచనం న్యరక్. అదే న్యార్ ఒక చెట్టు పేరు కూడా, అప్పుడు న్యారక్. వ్యుత్పత్తి వేరైతే పట్టికా వేరే, అర్థం సరిచూసుకుని తెరవాలి.

'నా ఇళ్లు' అనడానికి హాజక్ పనికిరాదు. అక్కడ క్ పోయి ఇ వస్తుంది: హాజయిమ్. దీనికి విడిగా స్వామ్య పట్టిక ఉంది. అందులో ఒక వస్తువుకో వరస, పలు వస్తువులకో వరస. ఈ రెండో వరసను చాలామంది చూడనే చూడరు.

ఇక చాలని చోటు. సంఖ్య తర్వాత హంగేరియన్ నామం ఏకవచనంలోనే ఉంటుంది. కెర్త్ (తోట) బహువచనం కెర్తెక్ అయినా, రెండు తోటలంటే కేత్ కెర్త్. క్రియ కూడా ఏకవచనమే. మనకు రెండు అనగానే లు రావాలి కాబట్టి తెలుగువాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే. ఆ సంగతి ఏ పట్టికా చెప్పదు, వాక్యాలిచ్చే వ్యాకరణ పుస్తకం పక్కన ఉండాల్సిందే.

యానోషేక్ లాంటిది ఎదురైతే పట్టికలో వెతకొద్దు. మన 'రాము వాళ్లు' లాగా అది యానోష్, అతని ఇంటివాళ్లు అని. ముందు హైఫన్ పెట్టి ఏక్ (-ék) అని వెతికితే ఆ ప్రత్యయానికి వేరే పేజీ ఉంది.