జింకల మడికి ఏది మేలు: గొర్రా, రోటావేటరా?

కళ్యాణదుర్గం వైపు మా చేను గుట్ట కిందే ఉంటుంది. గుట్టను ఆనుకున్న ఎకరాలో ఏం వేసినా సగం నెమళ్ల పాలు, సగం జింకల పాలు అయ్యేది. నాలుగేళ్ల కిందట విసిగిపోయి, "సరే, ఈ ఎకరా మీదే పోండి" అని వదిలేశాను. వదిలేశానంటే బీడు పెట్టానని కాదు. కొర్ర, సజ్జ, అలసంద, ఉలవ కలిపి వేసి, కోయకుండా వాటికే ఉంచేస్తున్నాను. అమెరికాలో ఇట్లాంటి మేత మళ్లు వేసేవాళ్లలో వేటగాళ్లే ఎక్కువ. జింక మేతకొస్తే తుపాకీ పేలుస్తారు. మన దగ్గర ఆ మాటే లేదు. కృష్ణజింక, నెమలి రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. నాకు కావాల్సిందల్లా అవి ఆ ఎకరాలోనే ఆగి, కింద ఉన్న శెనక్కాయ జోలికి రావడం తగ్గించడం.

ఆ ఎకరాకు ఏ సేద్యం చేయించాలన్నది తేలడానికి నాకు రెండేళ్లు పట్టింది. అందులో ఒక ఏడు పూర్తిగా పోయింది.

మొదటి ఏడు రోటావేటర్ పెట్టించాను. ఊళ్లో అందరూ అదే అంటారు, ఒక్క తిప్పుతో పని అయిపోతుందని. నిజమే, అయిపోయింది. ట్రాక్టర్ వెనక తిరిగే ఇరుసు, అదే పీటీవో, తిప్పితే ఆ ఎల్ ఆకారం బ్లేళ్లు నాలుగైదు అంగుళాల మట్టిని జల్లెడ పట్టినట్టు చేసేశాయి. గట్టు మీద నిలబడి చూస్తే పెళ్ల అన్నదే లేదు, పెళ్లిపందిరి ముందు చల్లిన మట్టిలా ఉంది. విత్తనం చల్లి కంప లాగించాను. ఆ రాత్రే వాన దంచి కొట్టింది. తర్వాత నాలుగు రోజులు ఒకటే ఎండ.

ఆరో రోజు పోయి చూస్తే ఎక్కడా మొలక లేదు. నేల అప్పడంలా అట్టకట్టింది. గోటితో ఒక పెచ్చు లేపి చూశాను. కింద కొర్ర మొలకలు తెల్లగా, పసుపుపచ్చగా, పైకి రాలేక మడతలు పడి అడ్డంగా పాకుతున్నాయి. మన ఎర్ర నేలల గుణమే అది. పొడి చేసినకొద్దీ వాన దెబ్బకు పైన మెత్తుకుపోతుంది, ఎండకు గట్టిపడుతుంది. అలసంద గింజ పెద్దది కాబట్టి ఆ పెచ్చును పగలగొట్టుకుని అక్కడక్కడా వచ్చింది. కొర్ర, సజ్జ చిన్న గింజలు, వాటికి అంత బలమెక్కడిది? పైగా గుట్ట వాలు కదా, మెత్తటి మట్టి అంతా నీళ్లతో పాటు వంకలోకి పోయింది.

ఇంకో నష్టం మరుసటి ఏడు బయటపడింది. చేనులో ఒక మూల గరిక ఉండేది. రోటావేటర్ దాన్ని ముక్కలు ముక్కలుగా నరికి చేనంతా నాటింది. గరిక ప్రతి కణుపూ ఒక నారుమొక్కే. గరిక, తుంగ ఉన్న నేలలో రోటావేటర్ పెట్టడమంటే వాటిని మనమే సాగు చేసుకోవడం.

రెండో ఏడు తొమ్మిది చెక్కల గొర్రుకు మారాను. చెక్కలంటే నేలను గీరే ఇనుప కొమ్ములు. కల్టివేటర్ అన్నా, టిల్లర్ అన్నా అదే. ఇది మట్టిని తిప్పదు, పొడి చేయదు, గీరుకుంటూ పోతుంది. ఎండాకాలంలో ఒక వాన పడ్డాక ఒకసారి తోలిస్తే గరిక వేళ్లు తాళ్లలా పైకి లేచాయి, పది రోజుల ఎండకు మాడిపోయాయి. రెండోసారి తొలకరి పదునులో, అంటే మట్టిలో సరిపడా తేమ ఉన్నప్పుడు, వాలుకు అడ్డంగా. అడ్డంగా అన్నది మరవకండి, ప్రతి సాలూ ఒక చిన్న కట్టలా వాన నీటిని పట్టుకుంటుంది. డ్రైవర్‌కు నిలువుగా తోలడమే సులువు, చెప్పకపోతే అట్లే పోతాడు.

మా చేనులో రాళ్లు ఎక్కువ. గొర్రుకు స్ప్రింగులుంటాయి కాబట్టి రాయి తగిలితే ఆ చెక్క టక్కున వెనక్కి లేచి, దాటాక మళ్లీ దిగుతుంది. అదే రాయి రోటావేటర్‌కు తగిలితే బ్లేడు వంగుతుంది, లేదంటే బోల్టు తెగుతుంది. మొదటి ఏడు డ్రైవర్ గంటసేపు చేను మధ్యలో బోర్లా పడుకుని బోల్టులు మార్చాడు. ఆ గంట బాడుగ అడగలేదు గానీ, ముఖం మాత్రం చూడాల్సింది.

గొర్రుతో ఉన్న లోటు కూడా చెప్పాలి. పెళ్లలు మిగులుతాయి. చిన్న గింజలకు అది కొంచెం ఇబ్బందే. అందుకే గొర్రు తర్వాత గుంటక తోలించాను. మా ఊళ్లో ఎద్దుల జత ఇద్దరికే మిగిలింది, వాళ్లలో ఒకాయన ఒప్పుకున్నాడు. గుంటక పెళ్లలను పైపైన చిదిపి, సదును చేసి వదిలేస్తుంది, పిండి చేయదు. ఎద్దులు దొరక్కపోతే ట్రాక్టర్ వెనక బరువైన దుంగ కట్టి ఒకసారి లాగించినా చాలు. కందిగింజంత, శెనగగింజంత మట్టి బెడ్డలు పైన మిగలాలి. అవే వాన చినుకు దెబ్బను కాచుకుంటాయి. కొర్ర గింజ అంగుళం లోతు దాటకూడదు, ఉలవ, అలసంద ఇంకో అంగుళం పోయినా ఫర్వాలేదు. అందుకే ఉలవ, అలసంద ముందు చల్లి గుంటక తోలి, కొర్ర, సజ్జ ఆ తర్వాత చల్లి కంప లాగించాను. ఆ ఏడు వారానికే సాళ్లలో పచ్చగా కనిపించింది.

డిస్కుల సంగతి. మూడు నాలుగేళ్లు బీడు పడి, కంప, గడ్డి నడుము ఎత్తు పెరిగిన నేలయితే మొదటిసారి గుండ్రటి ఇనుప పళ్లేలుండే డిస్క్ హారోనే పెట్టాలి. గొర్రుకు ఆ చెత్తంతా చుట్టుకుని చీపురు కట్టలా అవుతుంది, డిస్కులు కోసుకుంటూ పోతాయి. రాళ్ల మీద కూడా దొర్లిపోతాయి. కాకపోతే ఎండిన గట్టి నేలలో దిగవు, పైన గీతలు గీసి వస్తాయి. గరిక విషయంలో ఇవీ రోటావేటర్ చుట్టాలే.

మట్టిని తిరగేసే పల్టీ మడక మా ఎర్ర నేలకు వద్దు. పైన ఉన్న మంచి మట్టి అరడుగు మందం కూడా లేదు. దాన్ని కిందికి తోసి గరుసును పైకి తెచ్చుకుంటే ఏం మొలుస్తుంది?

ఇదంతా ఎర్ర నేల లెక్క. మా బావమరిదిది ఆలూరు వైపు నల్లరేగడి. అక్కడ జింకలు మందలు మందలుగా దిగుతాయి. నా మడి చూసి వాడూ ఎకరన్నర వదిలాడు. "బావా, నువ్వు చెప్పినట్టే గొర్రు పెట్టించా, పెళ్లలు తలకాయంత లేచినాయి" అని ఫోన్ చేశాడు. నేను చెప్పింది నా నేలకు, వాడు చేసింది వాడి నేలలో. రేగడిలో పల్టీ మడకకు పని ఉంది. ఎండాకాలంలో ఒకసారి లోతుగా దున్ని ఆ పెద్ద పెళ్లలను అట్లే వదిలేస్తే, ఎండకు పగిలి, మొదటి వానలకు అవే చితికిపోతాయి. తర్వాత వానాకాలమంతా కలుపు లేచినప్పుడల్లా గుంటక తోలుకుంటూ, భాద్రపదం దాటాక విత్తుకోవడం అక్కడి పాత పద్ధతి. పదును సరిగ్గా ఉంటే రేగడిలో రోటావేటర్ కూడా తప్పు కాదు, పెళ్లలను బాగానే చిదుపుతుంది. తడి ఎక్కువున్నప్పుడు పెడితే మాత్రం బంక బంకగా చుట్టుకుంటుంది, కింద నేల చట్టుబడుతుంది. ఏటేటా అదే లోతులో తిప్పితే నీళ్లు కిందికి ఇంకవు.

వాడికి ఇంకో మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రేగడి కదా అని జొన్న వేస్తానన్నాడు. లేత జొన్న వాన లేక వాడిందంటే అందులో విషం చేరుతుంది, నాము అంటాం. అది మేసి ఆవులు గంటల్లో పడిపోతాయి. జింకా నెమరువేసే జంతువే. జొన్న వేసి మేత పెడుతున్నామనుకుని చంపుకోవడం ఎందుకని శెనగ, అలసంద వేయించాను.

డబ్బు సంగతికొస్తే, మా దగ్గర రోటావేటర్ బాడుగ గంటకు గొర్రు కంటే ఎక్కువే, పైగా అది మెల్లగా నడుస్తుంది. గొర్రు రెండుసార్లు తోలించినా నాకు తక్కువే పడింది. ఐదడుగుల రోటావేటర్‌ను లాగడానికి 40, 45 హెచ్‌పీ ట్రాక్టర్ కావాలి. ఒక ఎకరా మేత మడి కోసం ఇవేవీ కొనాల్సిన పని లేదు. కష్టమల్లా డ్రైవర్‌ను రప్పించడంలోనే. ఒక్క ఎకరాకు ఎవడూ రాడు, అదీ "జింకలకా?" అని నవ్వి పోతాడు. పక్క చేనుకు వచ్చిన రోజే మనదీ కలిపి మాట్లాడుకోవాలి.

జింకలు శెనక్కాయలోకి రావడం తగ్గింది, ఆగిపోలేదు. అడవిపందులకు మాత్రం నా కొర్ర ఆనలేదు, అవి ఇప్పటికీ శెనక్కాయకే వస్తున్నాయి. ఈ ఏడు గుట్ట వైపు గట్టు పక్కన పది అడుగుల పట్టీ అసలు దున్నించలేదు. పోయినసారి గొర్రు వస్తుంటే అక్కడినుంచి కౌజు పిట్ట బుర్రున లేచింది, చూస్తే గడ్డి కింద గుడ్లు. డ్రైవర్ లిఫ్ట్ లేపి పక్కనుంచి పోనిచ్చాడు, నేను చెప్పకుండానే.