డనాటర్ కోటలో ఒక పూట

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో మా అక్కావాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు చూశాం ఈ కోటని. స్టోన్‌హేవెన్ అనే ఊరి దాకా రైలు, అక్కణ్నుంచి టాక్సీ దొరుకుతుంది. మోకాళ్లు సహకరిస్తే మాత్రం సముద్రం అంచున కాలిబాట పట్టండి, మూడు కిలోమీటర్లుంటుంది. నీళ్లలోకి పొడుచుకొచ్చిన యాభై మీటర్ల బండ, దాని నెత్తిన మొండిగోడలు కొంచెం కొంచెంగా బయటపడతాయి. తర్వాత లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి. మెట్లెన్నని అడిగితే, "లెక్కపెట్టావంటే ఎక్కలేవోయ్" అన్నారు బావగారు. నిజమే.

ఇది ప్రైవేటు ఆస్తి. ప్రభుత్వ కోటల పాస్ చెల్లదు, గాలి ముదిరితే గేటు మూసేస్తారు. ముందే కనుక్కుని వెళ్లండి.

కీత్ వంశం వాళ్లది ఈ కోట. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం స్కాట్లాండ్‌లో ముందుకొస్తుంటే స్కాట్లాండ్ రాజు కిరీటం, రాజదండం, ఖడ్గం ఇక్కడే దాచారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1652 మేలో కోట లొంగింది. తీరా లోపలికొస్తే కిరీటం లేదు! కిన్నెఫ్ అనే ఊరి చర్చి పాస్టరు భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ కొంగుచాటున దాటించిందని ఒక కథ, గోడమీంచి తాడుతో దించితే సముద్రపు నాచు ఏరుకునే పనిమనిషి పట్టుకెళ్లిందని ఇంకోటి. ఎలాగైతేనేం, ఆ కిన్నెఫ్ చర్చి నేల కింద 1660 దాకా భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఎడిన్‌బరా కోటలో అద్దాల వెనక ఉన్నాయి.

సరిగ్గా 33 ఏళ్లకు, 1685లో, మతం విషయంలో రాజుకు తలవంచని 167 మందిని ఇదే కోట నేలమాళిగలో కుక్కారు. అందులో 45 మంది ఆడవాళ్లు. ఆ గదిలో పది నిమిషాలు నిలబడ్డాను. చెమ్మ గోడలు, సముద్రం వైపు కిటికీ, అందులోంచి చలిగాలి. మేం నలుగురం ఉంటేనే ఇరుకనిపించింది.

పైకప్పులు ఫిరంగులకు పోయాయనుకున్నాను. కాదట. రాజు మీద జరిగిన 1715 తిరుగుబాటులో చేరి కీత్‌లు ఆస్తి పోగొట్టుకుంటే, కొన్న కంపెనీ పనికొచ్చేదల్లా ఊడబెరుక్కుపోయింది. 1925లో గానీ మరమ్మతులు మొదలవలేదు.

బస సంగతి: ఊళ్లో మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో హీటరు రాత్రంతా మూలిగింది, గది మాత్రం వెచ్చబడలేదు. అబర్డీన్‌లో ఉండి పగటిపూట వచ్చిపోవడమే నయం. కోటలో తిండి ఆశ పెట్టుకోకండి. అక్క కట్టిచ్చిన పులిహోర గోడచాటున కూర్చుని తిన్నాం, సగం పల్లీలు గాలికే పోయాయి.

కిన్నెఫ్ చర్చి తీరం వెంటే దక్షిణాన ఉంది. బస్సు తప్పిపోయి చూడలేకపోయాం.