'సీక్రెట్ వ్యూపాయింట్ల' లిస్టు కొనబోతున్నారా? కాస్త ఆగండి

నగరంలో ఎవరికీ తెలియని నలభై వ్యూపాయింట్లు, అన్నీ ఉచితం, లొకేషన్లతో సహా ఒకే పీడీఎఫ్‌లో అంటే డబ్బు కట్టేశాను. ఉచితంగా చూసేవాటికి డబ్బెందుకు అని అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. ప్రకటనలో పెట్టిన ఫొటో అలాంటిది మరి: సాయంత్రపు ఎండలో నది వంపు, దాని మీద వంతెన, వెనక మేడల వరస. మీరూ అదే ఫొటో చూస్తూ పే బటన్ దగ్గర ఆగి ఉంటే, ముందు నాకేం జరిగిందో వినండి.

మొదటి ఆదివారం నేరుగా ఆ ఫొటో చోటికే వెళ్లాను. పిన్ తీసుకెళ్లి ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు నిలబెట్టింది. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పుతూ దిక్కులు చూస్తుంటే వాచ్‌మన్ వచ్చి, "టెర్రస్ కోసమేనా సార్? ఈ వారంలో మీరు నాలుగోవారు. ఇక్కడ ఉండేవాళ్లని తప్ప ఎవరినీ పైకి పంపం" అన్నాడు. ఆయన తప్పేముంది పాపం! లిస్టులో మాత్రం 'అందరికీ ప్రవేశం' అనే రాసుంది.

రెండోది ఒక గుట్ట. ఎక్కాను. ముళ్లపొదలు, ఒక ప్రహరీ గోడ, ఒక సెల్ టవర్. ప్రకటనలో దీనికి పెట్టిన ఫొటోలో ఉన్న చెరువు మచ్చుకైనా లేదు. ఇంటికొచ్చి ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తే అప్పుడు వెలిగింది. దూరంగా నేలా ఆకాశం కలిసే గీత ఫొటోలో దాదాపు కెమెరా ఎత్తులోనే పడుతుంది. ఏ మేడ కొసైనా ఆ గీత కిందే ఆగిపోయిందంటే, కెమెరా ఆ మేడ కంటే ఎత్తులో ఉందన్నమాట. ఈ ఫొటోలో గుట్ట మీది సెల్ టవర్ కొస కూడా గీత కిందే ఉంది! డ్రోన్‌తో తీసిన ఫొటో అది. మన కాళ్ల మీద నిలబడి ఆ దృశ్యం ఎప్పటికీ చూడలేం. కొనేముందే ఇది గమనించి ఉంటే నా డబ్బు మిగిలేది.

అసలు కోపం వచ్చింది మూడోదాని దగ్గర. పిన్ సరిగ్గా చెరువు నడిమధ్యలో ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి చూస్తే అక్కడా అదే చెరువులో, అదే చోట ఎవరో పొరపాటున పెట్టిన పిన్. 2004 నుంచి జనమే తలో చెయ్యీ వేసి గీస్తున్న మ్యాప్ అది, వాడుకోవడానికి పైసా అక్కర్లేదు. అందులో వ్యూపాయింట్లకి ప్రత్యేకంగా ఒక ట్యాగ్ ఉంది. ఓవర్‌పాస్ టర్బో అనే సైట్‌లో ఆ ట్యాగ్ పెట్టి వెతికితే ఊళ్లో గుర్తించినవన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. లిస్టులో సగానికి పైగా అక్కడివే, తప్పులతో సహా. ఆ డేటాని అమ్ముకోవడం నేరం కాదు, లైసెన్సు ఒప్పుకుంటుంది. కానీ ఎక్కడిదో పేరు చెప్పి తీరాలి. వీళ్లేమో 'మా టీమ్ ఏడాది పాటు తిరిగి కనిపెట్టింది' అని రాసుకున్నారు.

ఇంకో రకం మోసం కూడా ఉంది. కొన్ని భవనాలకి నిజంగానే ఉచిత ప్రవేశం ఉంటుంది, లిస్టులో ఇచ్చిన లింకు మాత్రం మధ్యలో ఇంకెవరికో ఫీజు కట్టిస్తుంది. ఉదాహరణకి టోక్యో మెట్రోపాలిటన్ ప్రభుత్వ భవనం 45వ అంతస్తు, 202 మీటర్ల ఎత్తు, ఎక్కి చూడటం ఉచితం. లండన్ స్కై గార్డెన్ టికెట్టూ ఉచితమే, వాళ్ల సొంత సైట్‌లోనే ముందుగా బుక్ చేసుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1985 నాటి డౌన్‌టౌన్ ప్లాన్ ప్రకారం కట్టిన ఆఫీసు భవనాలు జనానికి కొంత చోటు వదలాలి, వాటిలో కొన్ని డాబాల మీదే ఉన్నాయి. ఇలాంటివి ఏ ఊళ్లో ఉన్నా ఆ భవనం సైట్‌లోనే చూసుకోండి, మధ్యవాళ్లు వద్దు.

రీఫండ్ అడిగితే 'డిజిటల్ ఫైల్, తెరిచాక వాపస్ లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రివ్యూలు మళ్లీ చూశాను. అన్నీ ఒకే వారంలో పడ్డాయి, అన్నిట్లోనూ 'మైండ్‌బ్లోయింగ్'.

తర్వాత సొంతంగా వెతకడం మొదలుపెట్టాను. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, చూపించే మ్యాప్ పెట్టుకుని, గీతలు దగ్గరదగ్గరగా ఇరుక్కున్న చోట పైఅంచున రోడ్డు గానీ పార్కు గానీ ఉందా అని చూస్తాను. గీతలు ఇరుకైతే వాలు నిట్టనిలువు, ఎదురుగా అడ్డు తక్కువ. వీధి ఫొటోల్లో గేట్లున్నాయేమో చూసుకుంటాను. సూర్యాస్తమయం కోసమైతే తేదీ కూడా చూడాలి. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల దగ్గర తప్ప సూర్యుడు సరిగ్గా పడమరన దిగడు. జూన్ ఫొటో చూసి డిసెంబర్‌లో వెళ్తే ఏ మేడ వెనకో దాక్కుంటాడు. ఇలా మూడు దొరికాయి. వాటిలో ఒకటి రైల్వే పట్టాల మీది కాలివంతెన, ఏ లిస్టులోనూ లేదు.

నిన్న ఆ అపార్ట్‌మెంట్ మీదుగానే వచ్చాను. గేటుకి అట్టముక్క కట్టారు, మార్కర్‌తో రాసుంది: 'ఇక్కడ వ్యూపాయింట్ లేదు. బెల్లు కొట్టొద్దు.'