నాలుగు వానాకాలాల రెయిన్ జాకెట్, ఒక పలమనేరు ప్రయాణం

ముందే చెప్పేస్తాను. ఈ జాకెట్ వేసుకుంటే తడవమా అంటే, తడుస్తాం. నాలుగు వానాకాలాలుగా వాడుతున్నాను, ప్రతిసారీ తడిశాను. అయినా పారెయ్యలేదు. రేపు ఇది చిరిగిపోతే మళ్ళీ ఇలాంటిదే కొంటాను. ఎందుకో తెలియాలంటే నిరుడు నవంబరులో పలమనేరు పోయొచ్చిన రోజు గురించి చెప్పాలి.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయాయి కదా, ఆ వానలు వెలిశాక కొన్నాను. 3,200 రూపాయలు. సైకిలు తొక్కేవాళ్ళ కోసమే కుట్టింది కాబట్టి వెనక వైపు పొడుగ్గా ఉంటుంది, హ్యాండిల్ మీదకి వంగినా నడుము బయటపడదు. కంపెనీ పేరు చెప్పను. దాంతో నాకు చిన్న గొడవ ఉంది. కొత్తలో కళ్ళు చెదిరే నిమ్మపండు రంగు, ఇప్పుడు ఉప్పులో ఊరిన నిమ్మబద్ద రంగు.

నేనూ, నాతో సైకిలు తొక్కే మా వాడూ 300 కిలోమీటర్ల బ్రెవేకి సిద్ధమవుతున్నాం. బ్రెవే అంటే దూరపు సైకిలు ప్రయాణం. పందెం కాదు, గడువు లోపల పూర్తి చెయ్యాలి, అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై. వాన తగ్గేదాకా బస్టాపులో కూర్చుంటే ఆ గంట మన లెక్కలోంచే పోతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం, రెండు రోజులుగా ముసురు. నాకు బద్ధకం. మా వాడు ఫోన్ చేసి, "రేపు బ్రెవే రోజు కూడా ఇట్నే కురిస్తే ఏం చేస్తావన్నా?" అన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి తిరుపతి నుంచి బయల్దేరాం. రానూ పోనూ 220 చిల్లర.

చంద్రగిరి దాకా తుంపరే. గాదంకి దగ్గరికొచ్చేసరికి కుండపోత. ఆకాశంలో గాలులెలా కదులుతున్నాయో కనిపెట్టే ఎం.ఎస్.టి. రాడార్ ఉన్న ఊరది. మాకు మాత్రం ముందు పోతున్న లారీ వెనక లైట్లు కూడా కనపడలేదు.

అక్కడే జాకెట్ సంగతి తేలింది. దాని లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వాటర్‌ప్రూఫ్ 10,000 మిల్లీమీటర్లు. అంటే గుడ్డ మీద పది మీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టినా లోపలికి దిగవని. ఇది నిజమే, గుడ్డలోంచి చుక్క దిగలేదు. రెండోది బ్రీతబిలిటీ 5,000 గ్రాములు. చదరపు మీటరు గుడ్డ 24 గంటల్లో అంత చెమట ఆవిరిని బయటికి పంపుతుందని దానర్థం. గంటకి లెక్కేస్తే 200 గ్రాముల పైచిలుకు. గట్టిగా తొక్కేవాడికి గంటకి అర లీటరు చెమట మామూలే. మరి మిగతాది ఎక్కడికి పోవాలి? పైగా ఆ అంకె ల్యాబ్‌లో తీసింది. మన దగ్గర వాన పడేటప్పుడు గాలి నిండా తేమే, ఉక్క కూడా తగ్గదు, ఇక ఆవిరి బయటికి పోయేదెలా? గాదంకి దాటాక ఒక చోట ఆగి ముంజేతి దగ్గర వెల్క్రో ఊడదీశాను. మోచేతి దగ్గర చేరిన నీళ్ళు ధారగా కారాయి. నాలిక పెట్టి చూశాను. ఉప్పగా ఉన్నాయి. వాన కాదు, నేనే.

మా వాడు బండి మీద వేసుకునే రెయిన్‌కోటు తొడుక్కొచ్చాడు. గాలికి అది గొడుగులా లేచి వాణ్ణి వెనక్కి లాగుతోంది. దానికన్నా పెద్ద తప్పు, వాడి సైకిలుకి మడ్‌గార్డులు లేవు. స్పోర్ట్స్ సైకిలుకి మడ్‌గార్డులు పెడితే పాలవాడి సైకిల్లా ఉంటుందని వాడి బాధ. పైనుంచి పడేవి మంచినీళ్ళే. చక్రం విసిరేదాంట్లో డీజిలు, పేడ, ఎర్రమట్టి అన్నీ ఉంటాయి, వాన వెలిసినా రోడ్డు తడి ఆరేదాకా అది ఆగదు. వాడి వెనక పది నిమిషాలు తొక్కితే నా పళ్ళ మధ్య ఇసక కరకరలాడింది. నా సైకిలుకి 1,100 రూపాయల నిండు మడ్‌గార్డులున్నాయి. ముందు చక్రం మడ్‌గార్డు చివర, ఐదు లీటర్ల నూనె డబ్బా కోసి ఒక నాలుక కూడా తగిలించాను, బూట్ల మీదికి నీళ్ళు రాకుండా. జాకెట్ సమీక్షలో మడ్‌గార్డుల గోలేంటంటారేమో. 3,200 చేతిలో ఉంటే ముందు కొనాల్సింది అవే, జాకెట్ కాదు.

కాణిపాకం క్రాస్ దగ్గర టీ తాగాం. అంగట్లో అమ్మ మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, "ఏం నాయనా, ఇంత వాన్లో సైకిలేసుకోని యాడికి పోతా ఉండారు?" అంది.

"పలమనేరుకమ్మా."

"ఏం పని?"

"పనేం లేదు. పోయి మళ్ళీ వస్తాం."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఇంకో టీ మాత్రం డబ్బుల్లేకుండా పోసింది.

చిత్తూరు దాటి బెంగళూరు హైవే ఎక్కి, బంగారుపాళ్యం మామిడి తోటల మధ్యనుంచి మొగిలి ఘాట్ చేరేసరికి పదకొండు. ఎక్కేటప్పుడు జాకెట్ విప్పి బ్యాగులో పెట్టేశాను. ఎటూ తడిశాం, ఉడికిపోవడం దేనికి? నా అనుభవంలో ఎక్కుడులో జాకెట్ వేసుకున్నవాడే ఎక్కువ తడుస్తాడు. పలమనేరులో వేడి వేడి రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి. చేతివేళ్ళు నీళ్ళల్లో నానిన చింతపండులా ముడతలు పడిపోయి, ముద్ద వేడి కూడా తెలియలేదు.

ఈ జాకెట్ డబ్బులు వసూలయ్యింది తిరుగు ప్రయాణంలో. పలమనేరు ఎత్తు మీదుంది, చిత్తూరు కంటే చల్లన. తడి బట్టలతో ఘాట్ దిగుతుంటే, తొక్కే పని లేదు కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు, గాలి మాత్రం గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. మళ్ళీ తొడుక్కున్న జాకెట్ లోపల బనియను పిండితే కారేట్టుంది, అయినా నాకు చలెయ్యలేదు. గాలి లోపలికి రాకపోతే ఆ తడి ఒంటి వేడికే గోరువెచ్చగా ఉండిపోతుంది. మా వాడి దవడలు టకటకలాడాయి, బ్రేకు పట్టడానికి వేళ్ళు వంగలేదన్నాడు. నావి చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు. తడి రిమ్ మీద మొదటి రెండు చుట్లు బ్రేకు పట్టదు, నీళ్ళు తుడుచుకుపోయాకే పడుతుంది. అందుకని మలుపుకి చాలా ముందునుంచే మెల్లగా నొక్కుతూ వచ్చాను. రబ్బరుకీ రిమ్‌కీ మధ్య ఇసక పడి గరగరమంటుంటే ప్రాణం ఉసూరుమనేది. అదసలే యాక్సిడెంట్లకి పేరుపడ్డ రోడ్డు, తెల్ల గీతల మీద చక్రం జారుతుంది. "పడితే పడ్డాంలే అన్నా, పుత్తూరు కట్టు మన జిల్లాలోదేగా" అని మా వాడి ధైర్యం.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది.

ఇక కంపెనీతో గొడవ. మూడో ఏడు భుజం దగ్గర, సరిగ్గా బ్యాగు పట్టీ రాసుకునే చోట, కుట్ల మీది టేపు లేచిపోయింది. మెయిల్ పెడితే "నార్మల్ వేర్ అండ్ టేర్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బ్యాగు తగిలించుకోకుండా సైకిలు తొక్కేవాళ్ళెవరో వాళ్ళకే తెలియాలి. టెంట్లకి వాడే సీమ్ టేపు తెప్పించి, నూలుగుడ్డ అడ్డం పెట్టి ఇస్త్రీపెట్టెతో అంటించాను. ఇప్పటిదాకా ఊడలేదు.

కొత్తలో దీని మీద నీళ్ళు తామరాకు మీద బొట్లలా జారిపోయేవి. మా అమ్మ ఒకసారి సబ్బుపొడిలో నానబెట్టి బ్రష్ కొట్టింది, అంతటితో ఆ పూత సగం పోయింది. పూత పోతే నీళ్ళు లోపలికి దిగవు గానీ పై గుడ్డ నానిపోయి, ఆ కాస్త ఆవిరి కూడా బయటికి పోదు. పూత మళ్ళీ వచ్చేందుకు స్ప్రే కొట్టి, హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తున్నాను. ఒక్కో విడత నెలా రెండు నెలలు ఆగుతుంది. సబ్బుపొడి డబ్బా ఉన్న అరలో ఇప్పుడు జాకెట్ పెట్టడం లేదు.

ఈసారి కొంటే, గాలి ఆడేలా చంకల కింద జిప్పులున్నదే కొంటాను. దీనికి అవి లేవు. ఆ డిజైను చేసినవాళ్ళని ఒక్క నవంబరు ఉదయం గాదంకి దాకా నాతో తొక్కించాలని ఉంది. మా వాడు ఇంకా జాకెట్ కొనలేదు. మడ్‌గార్డులు మాత్రం ఆ మర్నాడే బిగించుకున్నాడు.