గోదావరి డెల్టాలో మెటల్ డిటెక్టర్: బంగారు నాణేలు నిజంగా దొరుకుతాయా?

డిటెక్టర్ కొన్నానని తెలిసినప్పటి నుంచి రాజోలు చుట్టుపక్కల నన్ను ఎవరు పలకరించినా ఒకటే ప్రశ్న: "ఏవండీ, లంకెబిందెలు తగిలాయా?" తగల్లేదు, తగులుతాయన్న ఆశ కూడా లేదు. అయినా ఏళ్ళ తరబడి వాడుతున్నాను, అమ్మే ఉద్దేశం లేదు. కొనాలా వద్దా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి మన నేల మీద ఈ మిషన్ ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో రాస్తున్నాను.

నాది ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే రకం. అరలక్ష పైమాటే. సింగిల్ ఫ్రీక్వెన్సీ మిషన్లు ఇంకా చవకగా వస్తాయి గానీ సముద్రం ఒడ్డున తడి ఇసుక మీద ఊరికే అరుస్తాయి. ఉప్పునీటిలోనూ కరెంటు పారుతుంది కదా, దానికే లోహం ఉందని మోసపోతాయి. అంతర్వేది వైపు ఇల్మనైట్, మాగ్నటైట్ కలిసిన నల్ల ఇసుక చారల దగ్గర నా మిషన్‌కీ తిప్పలే. సెన్సిటివిటీ తగ్గించి, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకు మిషన్ అరవకుండా సర్దడం) మళ్ళీ మళ్ళీ చేసుకోవాలి. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే కరెంటు మోటార్లు) తిరుగుతున్నంతసేపూ హెడ్‌ఫోన్‌లో గరగర తప్ప ఏమీ వినపడదు. పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టిన రోజుల్లోనే అక్కడ పని.

అసలు ఇబ్బంది లోతుతో. నాణెమంత వస్తువు జానెడు లోతు దాటితే ఏ మిషన్‌కైనా కష్టమే. మూడో వంతు గ్రాము తూగే పణం అనే బుల్లి పాత బంగారు నాణెమైతే నాలుగు వేళ్ళ లోతులో పలికినా గొప్పే. డెల్టా అంటే వరదలు తెచ్చి పోసిన ఒండ్రు. రాజరాజ నరేంద్రుడి కాలం నాటి నేల ఇప్పటి వరిచేల అడుగున ఎక్కడో ఉంది. చదును పొలంలో రోజంతా ఊపినా దొరికేది నాగలి ముక్కలు, మేకులు, ట్రాక్టర్ బోల్టులే. పాతవి దొరికేది ఎవరో ఒకరు తవ్వి పైకి తెచ్చిన మట్టిలోనే: చెరువు గట్లు, ఇంటి పునాదులు, కాలవ పూడిక. లేదంటే నది కోసుకుపోతున్న లంక గట్ల దగ్గర. ఆదుర్రు బౌద్ధ స్తూపం లాంటి రక్షిత స్థలాల దరిదాపులకు మిషన్ పట్టుకుని వెళ్ళకండి. ఒకప్పుడు ఊరు ఉండి పోయిన మామూలు పాటిదిబ్బ మీద తిరిగినా గుప్తనిధుల ముఠా అనుకుని ఊరంతా పోగవుతారు. భూమి యజమాని రాసిచ్చిన అనుమతి కాగితం జేబులో లేకుండా నేను గడప దాటను.

తగిలింది ఏ లోహమో సూచించడానికి మిషన్ తెర మీద వచ్చే అంకెల గురించి యూట్యూబ్‌లో చెప్పేదంతా నమ్మొద్దు. బంగారానికంటూ విడిగా ఒక అంకె లేదు. పణం మాత్రల షీట్ రేకు పలికే చోటే పలుకుతుంది, అంతకన్నా పెద్ద బంగారు నాణెమైన వరహా కూల్‌డ్రింక్ డబ్బా రింగు దగ్గర పలుకుతుంది. రేకులు వినపడకుండా సెట్ చేస్తే బంగారమూ వినపడదు. రాగి అలా కాదు, గట్టిగా మోగుతుంది. డచ్చి వాళ్ళు పాలకొల్లులో, కాకినాడ జగన్నాథపురంలో వ్యాపారం చేసిన పుణ్యమా అని వాళ్ళ కంపెనీ గుర్తున్న రాగి డబ్బులు నాకు తగిలాయి. బంగారం అంటారా, ముక్కుపుడకలు, ఒక తాళిబొట్టు, ఒకే ఒక్క పాత నాణెం.

ఆ నాణెం మా మేనమామ గారి చెరువు లోతు చేయించినప్పుడు జేసీబీ పోసిన గట్టు మీద దొరికింది. చొక్కా గుండీ అంత ఉంది, మందం మాత్రం ఎక్కువ. బురదలోంచి తీసినా పసుపు రంగు చెక్కుచెదరలేదు. మావయ్య అప్పుడే చెప్పులు వేసుకున్నారు: "పదరా, కంసాలి దగ్గర గీయించి చూద్దాం." వద్దన్నాను. గీటురాయి మీద రుద్దితే నాణెం అంచు పోతుంది, దాంతో విలువా పోతుంది. మంచినీళ్ళలో ముంచి తీశాను, బ్రష్షూ చింతపండూ దగ్గరికి రానివ్వలేదు.

0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు మీద 3.39 గ్రాములు తూగింది. తర్వాత గ్లాసుడు నీళ్ళు త్రాసు మీద పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్న దారంతో కట్టి, అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీశాను. త్రాసు 0.19 చూపించింది. అది నాణెం పక్కకు నెట్టిన నీళ్ళ బరువు, నాణెం బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 3.39ని 0.19తో భాగిస్తే 17.8. 22 క్యారెట్ల బంగారం సాంద్రత దాదాపు అంతే. ఇత్తడిదైతే 0.40 చూపించేది. ఈ పద్ధతి పణానికి మాత్రం పనికిరాదు. 0.35 గ్రాముల నాణెం 0.02 చూపించాలి, త్రాసు ఒక్క గీత అటూ ఇటూ అయితే లెక్క 12 నుంచి 35 దాకా గెంతుతుంది.

ఫోన్ టార్చ్ పక్క నుంచి వేస్తే ఒకవైపు కూర్చున్న బాలకృష్ణుడు, ఇంకోవైపు మూడు వరసల్లో నాగరి లిపి: శ్రీ ప్రతాప కృష్ణరాయ. కృష్ణదేవరాయల వరహా. అదే గండభేరుండం ఉంటే అచ్యుతరాయలది అనుకోవచ్చు. వెంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉండి, వెనక చుక్కచుక్కలుగా ఉంటే ఈస్టిండియా కంపెనీ నాటి పగోడా అనే బంగారు నాణెం. పల్చటి పెద్ద బిళ్ళ మధ్యలో వరాహం, చుట్టూ విడివిడిగా కొట్టిన తెలుగు-కన్నడ అక్షరాలు ఉంటే తూర్పు చాళుక్యులది. అలాంటిది నేను మ్యూజియం అద్దంలోంచి తప్ప చూడలేదు. పాత నాణెం అని నాకు తెచ్చి చూపించేవాటిలో ఎక్కువ భాగం కాసులపేరు తెగి రాలినవే. అంచున కొక్కెం అతికిన మచ్చ, పోత పోసిన బుడగల గుంటలు భూతద్దంలో ఇట్టే తెలుస్తాయి.

ఇక చట్టం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. విచారణలో అది ఎవరిదీ కాదని తేలి, ముందస్తు ఒప్పందం ఏదీ లేకపోతే దొరికినవాడికి ముప్పావు వంతు, భూమి యజమానికి పావు వంతు. ప్రభుత్వమే తీసుకోవాలనుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. "ఇంతోటి దానికి కలెక్టర్ దాకా ఎందుకురా" అని మావయ్య గొణిగారు గానీ, కాగితం మీద ఆయనే ముందు సంతకం పెట్టారు. మా మధ్య చెరిసగం ఒప్పందం తవ్వకముందే రాసుకున్నాం. విచారణ నడుస్తోంది, నాణెం సర్కారు దగ్గర ఉంది.

బంగారం అమ్ముకుని మిషన్ ఖర్చు రాబట్టాలనుకుంటే కొనకండి. తుపాను వెళ్ళాక ఉప్పాడ ఒడ్డున ఏ మిషనూ లేకుండా ఇసుకలో బంగారు రజను ఏరుకునే వాళ్ళే మీకన్నా ముందుంటారు. దూరం నుంచే బంగారం చూపిస్తాయని అమ్మే రాడ్ల జోలికి అసలు పోవద్దు, అది పచ్చి మోసం. చరిత్ర మీద సరదా ఉంటే మాత్రం ముందు ఆ చిన్న త్రాసు, ఒక భూతద్దం కొనుక్కుని ఇంట్లో ఉన్న పాత నాణేల మీద చేయి తిప్పండి. మిషన్ కొన్నాక సముద్రం నుంచి రాగానే కాయిల్ (నేల మీద ఊపే కింది పళ్ళెం) కవర్ ఊడదీసి మంచినీళ్ళతో కడగండి. సందుల్లో నల్ల ఇసుక ఉండిపోతే తర్వాత పొలంలోనూ అరుస్తూనే ఉంటుంది.