పొదలకూరు రోడ్డు కోళ్ల దుకాణం: ఫెర్రెట్లకు పచ్చి మాంసం కొనేవారి కోసం

నెల్లూరులో పొదలకూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందు మొదట్లో ఉన్న చిన్న కోళ్ల దుకాణానికి నేను రెండేళ్లుగా వారానికి రెండుసార్లు వెళుతున్నాను. మా ఇంట్లో కోడికూర నెలకు రెండు మూడుసార్లకు మించి వండుకోము. అక్కడ నేను కొనే మాంసంలో ఎక్కువ భాగం మా రెండు ఫెర్రెట్లకే పోతుంది. కూర కోసం కొనేవారు చూసుకునే విషయాలు వేరు, పెంపుడు జంతువుకు పచ్చిగా పెట్టడానికి కొనేవారు చూసుకోవలసినవి వేరు. ఈ సమీక్ష రెండో రకం వారి కోసం.

ఫెర్రెట్‌ను మొదటిసారి చూసిన ప్రతి ఒక్కరూ ముంగిస అనుకుంటారు. ముంగిసను ఇంట్లో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, ఇది అది కాదని వచ్చినవారందరికీ విడమరిచి చెప్పవలసి వస్తుంది. యూరప్‌లోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును కుందేళ్ల వేట కోసం మనుషులు మచ్చిక చేసుకోగా వచ్చిన జాతి ఇది. ఆ మచ్చికకు రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పూర్తి మాంసాహారి. పేగు పొట్టిది, అంధనాళం అసలు లేదు, తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. గింజలనూ పీచునూ అరిగించుకునే తీరిక ఆ శరీరానికి లేదు.

మన ఊళ్లో ఫెర్రెట్ల కోసం చేసిన మేత దొరకదు కనుక మేము మొదట పిల్లుల గుళికలే పెట్టాము. సంచి వెనక రాసిన పదార్థాలలో మొక్కజొన్న, బియ్యం ముందు వరుసలోనే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి మగదానికి బొచ్చు గరుకెక్కింది, కోరల మొదట్లో పసుపు గార కట్టింది, విరేచనం ఎప్పుడూ పలచగానే ఉండేది. వయసు మళ్లిన ఫెర్రెట్లలో క్లోమానికి వచ్చే ఇన్సులిన్ కణితి తరచుగా కనిపిస్తుంది. పిండిపదార్థం ఎక్కువున్న మేతకూ దానికీ సంబంధం ఉండవచ్చని అనుమానించే పశువైద్యులు ఉన్నారు గాని, రుజువైన విషయంగా ఎవరూ చెప్పరు. చెన్నైలో ఫెర్రెట్లను చూసే ఒక వైద్యురాలికి రెండింటినీ చూపించి, ఆమె ఒప్పుకున్న తరువాతే 2023 ఆగస్టులో మాంసానికి మార్చడం మొదలుపెట్టాము.

అప్పుడే దుకాణం సమస్య మొదలైంది. ఇంటికి దగ్గరలోని ఒక దుకాణంలో జంతువుల కోసమని చెప్పగానే, కుక్కలకని పక్కన పడేసిన బుట్టలోంచి మెడలూ కాళ్లూ తీసి ఇచ్చారు. మధ్యాహ్నం ఎండలో ఎన్ని గంటలు ఉన్నాయో తెలియని ఆ ముక్కలు అప్పటికే జిగురు పట్టాయి. ఉడికించి పెట్టే కుక్కల కోసం కొనేవారు దాన్ని ఎలా సరిపెట్టుకుంటారో గాని, పచ్చిగా తినే జంతువుకు అది పెట్టరాని మాంసం. మరొక చోట అరకిలో కంటే తక్కువ తూచము అన్నారు. మూడో ప్రయత్నంగా ఈ పొదలకూరు రోడ్డు దుకాణానికి వెళ్లాను. కొట్టు నడిపే భాయ్ నేను చెప్పిందంతా కత్తి పక్కన పెట్టి విన్నాడు. "అయితే అక్కా, మనుషులు తినేదాని కంటే జాగ్రత్తగా ఇయ్యాలన్నమాట" అన్నాడు. అంతకు ముందు నేను పది వాక్యాల్లో చెప్పలేకపోయింది అదే.

ఇక్కడ బాగున్న మొదటి విషయం వేళ. ఉదయం ఆరున్నరకు వెళితే కోడిని మన కళ్ల ముందే కోసి, శుభ్రం చేసి ఇస్తారు. నాకు కావలసింది తోలుతో ఉన్న కోడి. నెల్లూరులో ఇప్పుడు ఎక్కువమంది స్కిన్‌లెస్ అడుగుతారు కనుక చేతి అలవాటుగా తోలు లాగేస్తారు; కాని ఫెర్రెట్ తన శక్తిని కొవ్వు నుంచి తీసుకుంటుంది, బ్రాయిలర్ రొమ్ము ముక్క ఒక్కటే పెడితే ఆ కొవ్వు అందదు. మొదటి వారం భాయ్ తోలు ఉంచాడు, దానితోపాటు నాటుకోడికి చేసినట్టుగా కాల్చి పసుపు కూడా పూశాడు. ఇంటికి తెచ్చి గిన్నెలో పెడితే ఆడది వాసన చూసి, ముక్కు నేలకు రాసుకుంటూ వెనక్కి నడిచి మంచం కిందికి వెళ్లిపోయింది. మరుసటి రోజు చెప్పాను. ఆ తరువాత ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా నా పొట్లంలో పసుపు కనిపించలేదు.

రెండో విషయం లోపలి భాగాలు. గుండెకాయలు, కందనకాయలు, లివర్ వేరువేరుగా తూచి ఇస్తారు. అడిగితే 50 గ్రాములు కూడా ఇస్తారు. పచ్చి మాంసం పెట్టేవారు సాధారణంగా పాటించే లెక్కలో కండ ఎనభై పాళ్లు, ఎముక పది, లోపలి అవయవాలు పది. ఆ పదిలో సగం లివర్. మా మగది 1,350 గ్రాములు, ఆడది 780 గ్రాములు. రెండూ కలిసి రోజుకు 150 గ్రాముల దాకా తింటాయి కాబట్టి వారానికి రెంటికీ కలిపి కావలసిన లివర్ 50 గ్రాములే. అంతకు మించితే విటమిన్ ఎ పేరుకుని కీడు చేస్తుంది. గుండెకాయలో టారిన్ అనే పోషకం ఎక్కువ, దాన్ని కండ లెక్కలోనే వేసి ధారాళంగా పెట్టవచ్చు. అరకిలో లివర్ బలవంతంగా అంటగట్టే దుకాణంతో ఈ లెక్క కుదరదు.

అన్నిటికంటే పెద్ద ఉపకారం కౌజు పిట్టలు. ముందురోజు చెబితే తెప్పించి ఉంచుతాడు, ఒకటి 70 రూపాయలు. శుభ్రం చేసిన పిట్ట నూట ముప్పై, నూట నలభై గ్రాములు తూగుతుంది. దాని ఎముక సన్నగా, మెత్తగా ఉండి ఫెర్రెట్ వెనక పళ్లకు సులువుగా నలుగుతుంది. కండకూ ఎముకకూ ఉండవలసిన పాళ్లు అందులోనే సరిపోతాయి కనుక తూకం వేసి కలిపే పని తప్పుతుంది. ఒక్క పిట్టను నిలువునా చీల్చి, మగదానికి కొంచెం పెద్ద భాగం ఇస్తే రెండింటికీ ఆ రోజు భోజనం దాదాపు గడిచిపోతుంది. మగది ముందు కాలితో పిట్టను నొక్కిపట్టి, తల పక్కకు వంచి, దవడ మూలతో తొడ ఎముకను కొరికే చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. నాలుగు నెలలకు దాని కోరల మీది గార చాలావరకు రాలిపోయింది. ఎముక ఎప్పుడూ పచ్చిదే అయి ఉండాలి. ఉడికిన ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది. ఈ ఒక్క విషయాన్ని ఇంట్లో పనిచేసేవారితో సహా అందరికీ చెప్పి ఉంచాలి.

మార్పు ఎలా జరిగిందో చెప్పకపోతే దుకాణం విలువ తెలియదు. ఫెర్రెట్ పిల్లగా ఉన్న మొదటి ఆరు నెలల్లో ఏ వాసన గల తిండికి అలవాటు పడితే దాన్నే తిండిగా గుర్తిస్తుంది. ఆ తరువాత కొత్త వాసన ఎంత మంచిదైనా దాని దృష్టిలో అది తిండి కాదు. మా ఆడది తొమ్మిది రోజుల్లో మారింది. మగదానికి ఏడు వారాలు పట్టింది. గుళికలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, అందులో చిటికెడు కైమా కలిపి మెత్తగా చేసి, ఆ జావను వేలికి రాసుకుని నాకించడంతో మొదలుపెట్టాము. మొదటి వారం ఆ చిటికెడు కైమాకే మూతి తిప్పుకునేది. ప్రతి రెండు మూడు రోజులకు మాంసం పాలు కొంచెం పెంచుతూ, నీళ్లు తగ్గిస్తూ, నాలుగో వారానికి ముద్దగా, ఆరో వారానికి చిన్న ముక్కలుగా మార్చాము. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టడం ఈ జంతువు విషయంలో ప్రమాదం. కొద్ది గంటల పస్తుకే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కాబట్టి మొండికేసిన రోజు పాత గుళికలనే పెట్టి, మరుసటి పూట మళ్లీ ప్రయత్నించేదాన్ని. రోజూ ఉదయం వంటింటి తక్కెడలో తూచి గోడ క్యాలెండర్ మీద రాసుకునేదాన్ని. మూడో వారంలో మగది 60 గ్రాములు తగ్గినప్పుడు చెన్నైకి ఫోన్ చేసి, వైద్యురాలు చెప్పినట్టు నాలుగు రోజులు వెనక్కి తగ్గి మళ్లీ మొదలుపెట్టాము. ఆ ఏడు వారాలూ నాకు కావలసింది రోజుకు 30, 40 గ్రాముల తాజా కైమా. అంత తక్కువ బేరానికి విసుక్కోకుండా ఇచ్చిన దుకాణం ఇది ఒక్కటే.

కైమా దగ్గరే ఈ దుకాణం లోపమూ ఉంది. అక్కడ కైమా మిషను లేదు. చింతమొద్దు మీద రెండు కత్తులతో కొడతారు. ఒకరోజు మగదానికి పెట్టబోయే ముద్దను వేళ్లతో నలుపుతుంటే గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే బియ్యపుగింజ కంటే కొంచెం పొడవున్న చెక్క పేడు. కూరలోనైతే మన నోటికి తగిలి బయటికి వస్తుంది, ఫెర్రెట్ మాత్రం మింగేస్తుంది, ఆ సన్నని పేగులో అలాంటివి అడ్డుపడితే శస్త్రచికిత్స దాకా వెళుతుంది. భాయ్‌కి ఆ పేడును చూపిస్తే నొచ్చుకుని అప్పటికప్పుడే మొద్దును గీకించాడు, కాని అరిగిన మొద్దు అరిగినదే. అప్పటినుంచి నేను ఎముక లేని తొడ కండ ముక్కలుగా తెచ్చుకుని ఇంట్లోనే చేతి మిషనులో కైమా చేసుకుంటున్నాను. ఇక్కడ కొనేవారు ఎవరైనా కైమా మాత్రం కొట్టించుకోవద్దని నా గట్టి సలహా.

2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫెర్రెట్లకు ఫ్లూ వైరస్‌లు మనుషులకు అంటుకున్నంత తేలికగా అంటుకుంటాయి. 1933లో లండన్ శాస్త్రవేత్తలు మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేయగలిగింది ఫెర్రెట్ల సాయంతోనే. మాంసాన్ని ఫ్రీజరులో పెట్టినా బర్డ్ ఫ్లూ వైరస్ చావదు. ఆ వార్త వచ్చిన ఉదయం నేను అడగకముందే భాయ్ ఫోన్ చేసి, "అక్కా, మీ పిల్లలకు కొన్నాళ్లు కోడి వద్దు, మటన్ కొట్టులో మా బావమరిదికి చెబుతా" అన్నాడు. తన బేరం పోయే మాట తానే చెప్పిన మనిషి మీద నాకు అప్పటినుంచి పూర్తి నమ్మకం. ఆ తరువాత నెలన్నర పాటు మేక గుండెకాయ, మేక కండ పెట్టాము. 2025లో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో మళ్లీ ఆ జబ్బు వచ్చినప్పుడు, మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ దానితో మరణించినప్పుడు, కోడినీ పిట్టనూ పూర్తిగా ఆపేశాము. బర్డ్ ఫ్లూ మాట వినిపించినన్నాళ్లూ పక్షి మాంసాన్ని పచ్చిగా పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే ఎముక తీసి, కండ లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించాలి. ఇందులో మినహాయింపు వెతుక్కోకండి.

మామూలు రోజుల్లో కూడా పచ్చి కోడి మాంసంలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. ఫెర్రెట్ దాన్ని తట్టుకున్నా మన ఇంట్లోని పెద్దవాళ్లు, చిన్నపిల్లలు తట్టుకోలేరు. మా అత్తగారు మొదట్లో వంటింట్లోకి ఈ మాంసం రావడానికి ఒప్పుకోలేదు, ఆమె అభ్యంతరం సరైనదే. ఇప్పుడు వేరే కత్తి, వేరే పలక, మూత గట్టిగా పట్టే వేరే డబ్బా పెట్టుకుని పెరట్లోని కుళాయి దగ్గరే కోస్తున్నాను. అంతకంటే కష్టమైనది దాచుకునే అలవాటు. ఫెర్రెట్ తిన్నంత తిని మిగిలింది సోఫా వెనకో, బీరువా కిందో దాస్తుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు అలా దాచిన ముక్క రెండు మూడు గంటల్లో విషమవుతుంది. ఆ ఎండ ఫెర్రెట్లకూ పడదు, 30 డిగ్రీలు దాటితే వడదెబ్బ తగులుతుంది గనుక వేసవి అంతా వాటి గదిలో ఏసీ వేసే ఉంటుంది. ఇలా దాచుకుంటాయి కాబట్టి మాంసం బోనులోనే పెట్టి, అరగంట తరువాత గుడ్డ పరుపు దులిపి చూసి, మిగిలింది తీసేస్తాము.

నెల్లూరులో ఉన్నాము కదా, చేపలు పెట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. బొచ్చె, శీలావతి కార్పు జాతి చేపలు. ఆ జాతి చేపలు కొన్నింటిలో విటమిన్ బి1ను నాశనం చేసే థయామినేజ్ అనే పదార్థం ఉంటుంది కాబట్టి పచ్చి చేపను రోజువారీ తిండిగా మేము పెట్టలేదు.

దుకాణం గురించి మిగిలిన సంగతులు. తూకం నిక్కచ్చిగా ఉంటుంది, ఇంటికి తెచ్చి మళ్లీ తూచినా తేడా రాలేదు. కొట్టు ముందు మురుగుకాలువ తెరిచి ఉండడం వల్ల వానాకాలంలో ఈగలు ముసురుతాయి; ఆ రోజుల్లో బయట వేలాడదీసిన మాంసం వద్దని, కొత్తగా కోసినదే కావాలని అడగాలి, అడిగితే కాదనరు. కార్తీక మాసంలో బేరాలు పడిపోయి పిట్టలు రావడం ఆగిపోతుంది, కాబట్టి దీపావళికి ముందే ఓ పదిహేను పిట్టలు తీసుకుని ఫ్రీజరులో పెట్టుకోవాలి. గాంధీ జయంతి నాడు ఊళ్లో అన్ని మాంసం దుకాణాల మాదిరే ఇదీ మూసి ఉంటుంది. ఆదివారం ఎనిమిది దాటితే కూరకు కొనేవారి వరుస సందు చివరిదాకా ఉంటుంది, ఆ హడావిడిలో చిన్న తూకాలు అడగడం వారికీ మనకూ ఇబ్బంది. మంగళవారం, శుక్రవారం తెల్లవారుజామున వెళితే భాయ్ తీరిగ్గా ఉంటాడు. పిట్టలు కావాలంటే ముందురోజు సాయంత్రం ఐదు లోపు చెప్పాలి, తల, కాళ్లు ఉంచాలో తీసేయాలో కూడా అప్పుడే చెప్పాలి.